ఇంకో పావు తిప్పు

ఏ వస్తువునూ ఉన్నదున్నట్టు వదిలిపెట్టలేని మనిషి అల్లుడికి తెలిసి ఈ లోకంలో ఒక్కరే. ఆవిడ అతని అత్తగారు. ఏదైనా పాడైందని ఆవిడ ఎప్పుడూ అనరు. "బాగానే ఉంది, ఇంకో పావు తిప్పాలి" అంటారు. కుళాయి కారుతుంటే పావు తిప్పుతారు. కారకపోతే, ఎందుకు కారడం లేదా అని అనుమానం వచ్చి పావు తిప్పుతారు. ఎవరింటికి వెళ్లినా కుర్చీని ముందు తిరగేసి, మరలు చూసి, పావు తిప్పి, అప్పుడు కూర్చుంటారు. ఆ ఇంటివాళ్లు అప్పటిదాకా మర్యాదకి నిలబడే ఉంటారు.

ఆవిడ రేడియో స్టేషన్లో సౌండు ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యారు. అక్కడ ఆవిడ ఉద్యోగమే అది. వార్తలు చదివేవాడి గొంతు నీరసంగా ఉంటే పావు ఇటు, నాటకంలో హీరో మరీ అరుస్తుంటే పావు అటు. రిటైరైన రోజున డైరెక్టరుగారు ఆవిణ్ణి పొగుడుతూ మాట్లాడుతుంటే, కూర్చున్నచోట కూర్చోలేక లేచి వెళ్లి మైకు మీట పావు తిప్పొచ్చారట. కాసేపాగి మళ్లీ వెళ్లి ఇంకో పావు. రెండోసారి తిప్పాక ఉపన్యాసం ఎవరికీ వినపడలేదు. "ఇప్పుడు కుదిరింది" అన్నారట ఆవిడ.

పెళ్లికి ముందు అల్లుడు మొదటిసారి వాళ్లింటికి వెళ్లినప్పుడు, కుశలప్రశ్నలింకా సగంలో ఉండగానే, "బాబూ, ఒక్క నిమిషం మీ కళ్లద్దాలు ఇలా ఇస్తారా?" అన్నారు. ఇచ్చాడు. ఆవిడ హ్యాండుబ్యాగులోంచి చీపురుపుల్లంత స్క్రూడ్రైవరు తీసి మర బిగించడం మొదలుపెట్టారు. ఆ పని అయ్యేసరికి కాఫీలు అయిపోయాయి, మాటలు అయిపోయాయి, ముహూర్తం సంగతి కూడా దాదాపు తేలిపోయింది. తాను ఎవరికి తల ఊపాడో అతనికి సరిగ్గా కనపడలేదు. అదృష్టం బాగుండి, ఎదురుగా కూర్చున్నది పెళ్లికూతురే.

ఇలాంటి మనిషికి ఉద్యోగం లేకుండా పోయింది. ఇంట్లో ఉన్న మరలన్నీ రెండు నెలల్లో బిగిసిపోయాయి. మూడో నెలలో ఒక లారీ వచ్చి ఇంటిముందు పెద్ద పెద్ద చెక్కపెట్టెలు దింపి వెళ్లింది.

"ఏమిటివి?" అన్నారు మామగారు.

"కారండీ."

"ఎక్కడ?"

"పెట్టెల్లో. ముక్కలుగా వస్తుంది. మనమే బిగించుకోవాలి."

మామగారు పెట్టెల చుట్టూ ఒకసారి తిరిగి చూశారు. "డ్రైవరు కూడా లోపలే ఉన్నాడా?" అని అడిగి, లోపలికి వెళ్లి పేపరు చదువుకున్నారు.

ఆయనకి అది పెద్ద ఉపన్యాసమే. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. ఉన్న మాటలన్నీ అక్కడే ఖర్చయిపోయాయని కూతురు అంటుంది. కారు తయారవుతున్నంత కాలం ఆయన ఉద్యోగం 'ఇది కాస్త పట్టుకోండి'. ఒకసారి స్టీరింగు పట్టుకోమని చెప్పి అత్తగారు నట్ల కోసం బజారుకి వెళ్లి, అక్కడ కొట్టువాడి తక్కెడ కూడా పావు తిప్పి, ఆలస్యంగా తిరిగొచ్చారు. ఆయన పట్టుకునే ఉన్నారు.

రెండేళ్లకి షెడ్డులోంచి కారు బయటికొచ్చింది. చిలకాకుపచ్చ రంగు, రెండే సీట్లు, పైన టాపు లేదు, పక్కన తలుపుల్లేవు. కాలు ఎత్తి లోపలికి దిగాలి, స్నానాల తొట్టిలోకి దిగినట్టు. ఎంత కిందకి ఉంటుందంటే, అందులో కూర్చుంటే వీధికుక్కలు మన కళ్లలోకి సూటిగా చూస్తాయి. అల్లుడు పశువుల డాక్టరు కాబట్టి అది అతనికి ఇబ్బందనిపించలేదు. రవాణా ఆఫీసువాళ్లు వచ్చి పరీక్ష చేసి నంబరు కూడా ఇచ్చి వెళ్లారు. వాళ్లకి తృప్తి కలిగింది. అత్తగారికి కలగలేదు.

"బ్రేకు బాబూ" అన్నారు అల్లుడితో, ఒక ఆదివారం భోజనాల దగ్గర. "ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య ఇంకా సర్దుబాటు కుదరలేదు."

అల్లుడి చేతిలో ముద్ద ఆగింది. బ్రేకు అనే మాట అతనికి పడదు.

ఎందుకు పడదో ఎవరికీ తెలియదని అతని నమ్మకం. పెళ్లికి ముందునుంచీ అతను ఊళ్లూ పొలాలూ తిరిగి గేదెలకీ ఆవులకీ వైద్యం చేసేవాడు. పెళ్లయిన ఏడాది ఒక వానరోజున ఒక్కడే కారులో వస్తుంటే కుక్క అడ్డమొచ్చింది. బ్రేకు తొక్కాడు. కారు తోక ముందుకొచ్చి, బొంగరంలా తిరిగి, వచ్చిన దారివైపే మొహం పెట్టి పక్క పొలంలో ఆగింది. అతనికి గీత పడలేదు. కారుకీ పడలేదు. కుక్క ఒకసారి అతనివైపు చూసి తన దారిన పోయింది. కానీ ఆ తర్వాత స్టీరింగు ముందు కూర్చుంటే చాలు, అరచేతులు చెమటతో తడిసిపోయేవి. పార్కింగ్ దొరకదని కొన్నాళ్లు, పెట్రోలు వాసన పడదని కొన్నాళ్లు, బస్సులో అయితే చదువుకోవచ్చని కొన్నాళ్లు చెప్పాడు. బస్సు పోని ఊళ్లకి వెళ్లడం మానేశాడు. టౌన్లో మెయిన్ రోడ్డు మీద చిన్న క్లినిక్ పెట్టుకుని, జనం చంకల్లో పెట్టుకొచ్చే పిల్లులకీ బొచ్చుకుక్కలకీ సూదులు పొడుస్తున్నాడు. కారు భార్యే నడుపుతుంది. ఆమె ఆసుపత్రిలో నర్సు. ఆదివారాలు డ్యూటీకి పోతూ పోతూ అతణ్ణి తన పుట్టింట్లో దింపి, సాయంత్రం తీసుకెళ్తుంది.

"మీరు కాస్త కూర్చుంటే చాలు బాబూ" అన్నారు అత్తగారు.

"ఎక్కడండీ?"

"డ్రైవరు సీట్లో."

"నాకు నడుమునొప్పండీ, అత్తయ్యగారూ."

"నడపక్కర్లేదు. బ్రేకు తొక్కితే చాలు. ఏ చక్రం ముందు ఆగుతోందో లోపల కూర్చుంటే కనపడదు. నేను బయటుండి చూడాలి. మీ మామగారి చేత తొక్కిద్దామంటే ఆయన ఏది తొక్కుతారో ఆయనకే తెలీదు."

మామగారు నిజమేనన్నట్టు తల ఊపారు.

"ఇంజనో?"

"వెయ్యం. మేం తోస్తాం."

వీధి చివర మూతపడిన పెంకుల ఫ్యాక్టరీ ఒకటుంది. దాని వెనక లారీల కోసం వేసిన సిమెంటు రోడ్డు పొడుగ్గా, ఖాళీగా పడి ఉంటుంది. అత్తగారు కారుని అక్కడిదాకా నడిపి తీసుకెళ్లారు. నాలుగు టైర్ల పక్కనా సున్నంతో తెల్లగా అడ్డగీతలు పెట్టారు. చక్రం తిరుగుతుంటే గీతా దాంతోపాటే తిరుగుతుంది, ఆగితే గీత ఆగుతుంది. ఏది ముందు ఆగిందో దూరాన్నుంచి కూడా తెలుస్తుంది. పెడలు కింద సంగతి ఆవిడ విడమరిచి చెప్పారు. కాలితో తొక్కిన బలం ఒక కడ్డీ మీద పడి రెండుగా చీలుతుంది. ఒక పాలు ముందు చక్రాలకి, ఒక పాలు వెనకవాటికి. కడ్డీని మరతో తిప్పితే పాలు అటూ ఇటూ మారుతుంది.

"మీకు గేదెల భాషలో చెబుతాను బాబూ. పరిగెత్తే గేదె ముందుకాళ్లు తన్నిపెట్టి ఆగితే నిలబడుతుంది. వెనక కాళ్లు ముందు జారాయనుకోండి, ఏమవుతుంది?"

"తిరగబడుతుంది" అన్నాడు అల్లుడు. ఆ గేదె ఎలా తిరగబడుతుందో అతనికి బాగా తెలుసు.

"కారూ అంతే. ముందువి కాస్త ముందు పట్టుకోవాలి, వెనకవి వెంటనే అందుకోవాలి. మరీ ముందువే పట్టుకుంటే వెనక బ్రేకులు దండగ. అదీ మన పని."

అతను లోపలికి దిగి కూర్చున్నాడు. అత్తగారూ మామగారూ వెనకనుంచి తోశారు. మామగారు పేపరు చంకలో పెట్టుకుని తోశారు. కారు కదిలింది. అత్తగారు తోస్తూ తోస్తూ పక్కకి పరిగెత్తి వంగి చూసి, "తొక్కండి" అన్నారు. తొక్కాడు. ఆగింది. "మళ్లీ" అన్నారు.

పెద్దవాళ్లిద్దరూ ఆయాసపడుతూ తోస్తుంటే, కండలు తిరిగిన అల్లుడు చక్రవర్తిలా కూర్చోవడం ఎంత నరకమో కూర్చున్నవాడికే తెలుస్తుంది. "నేను దిగి తోస్తానండీ, మీరు కూర్చోండి" అన్నాడు.

"చక్రాలెవరు చూస్తారు బాబూ?"

మూడోసారి తోస్తుండగా పక్కింటాయన అటు నడకకి వచ్చాడు. ఆగి, చేతులు వెనక్కి కట్టుకుని కాసేపు చూసి, మామగారిని మెల్లగా అడిగాడు.

"అల్లుడుగారికి కాళ్లు బాగాలేవా అండీ?"

మామగారు తోస్తూనే, "కాళ్లు బాగానే ఉన్నాయి" అన్నారు. ఏవి బాగాలేవో చెప్పలేదు.

అల్లుడి చెవులు ఎర్రబడ్డాయి. "అత్తయ్యగారూ, ఇంజను వేస్తానండీ. ఇంత దూరానికి ఏముంది" అన్నాడు.

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకున్నారు. "మీ ఇష్టం బాబూ. నేనైతే బలవంతం చెయ్యను."

మనిషి నడిచే వేగంతో వెళ్లాడు. చేతులు తడిసిపోయాయి. తొక్కాడు. ఆగింది. అత్తగారు చక్రం పక్కన మోకాళ్ల మీద కూర్చుని గీతలు చూశారు. "బాగానే ఉంది. ఇంకో పావు తిప్పాలి" అన్నారు. స్పానరు పట్టుకుని లోపలికి వంగి, పెడళ్ల మధ్య తల దూర్చారు. సాక్షాత్తూ అత్తగారి తల తన పాదాల దగ్గర. అల్లుడు గబగబా రెండు కాళ్లూ పైకెత్తుకుని సీటు మీద బాసింపట్టు వేసుకున్నాడు. కిందనుంచి కిరకిరమని చప్పుడు వచ్చింది.

"తిప్పాను. ఇప్పుడు సైకిలంత వేగంతో రండి."

అది మొదలు. ప్రతి ఆదివారం భోజనం కాగానే పెంకుల ఫ్యాక్టరీ. మామగారు ఒక స్టూలు, ఒక ఎర్రగుడ్డ పట్టుకుని దారి చివర కూర్చునేవారు. ఎవరైనా అడ్డమొస్తే గుడ్డ ఊపడం ఆయన పని. ఎవరూ రారు కాబట్టి పేపరు చదివేవారు. అల్లుడు వేగంగా రావడం, తొక్కడం, ఆగడం. అత్తగారు వంగడం, చూడడం, "బాగానే ఉంది." ఆ మాట వినగానే అల్లుడి కాళ్లు వాటంతటవే సీటు మీదకి వచ్చేసేవి. ఒక వారం ముందుకి పావు, ఒక వారం వెనక్కి పావు. ప్రతి పావుకీ కాస్త వేగం పెంచి చూడాలి.

"ముప్ఫైలో బాగుంది, నలభైలో చూద్దాం."

"నలభైలోనూ బాగుందండీ."

"అందుకే అనుమానంగా ఉంది."

ఇంటికొచ్చి భార్య దగ్గర మొత్తుకునేవాడు. "మీ అమ్మకి ఈ జన్మలో ఆ బ్రేకు కుదరదు. పోయినవారం ముందుకి తిప్పింది, ఈ వారం వెనక్కి తిప్పింది. అంటే మళ్లీ మొదటికే వచ్చిందిగా."

"ఇవాళ ఎంత స్పీడులో వెళ్లావు?"

"యాభై ఐదు. అది కాదు నేను చెప్పేది."

"ఊఁ" అనేది ఆమె.

అతను తనలో తను లెక్కలు వేసుకునేవాడు, చిరాకుపడేవాడు, వచ్చే ఆదివారం రానని ఖచ్చితంగా చెప్పేయాలనుకునేవాడు. మనసంతా ఈ విసుగుతోనే నిండిపోయి, భయానికి అందులో చోటు చాలడం లేదని అతనికి తట్టలేదు. ఒక్క ఆదివారం మాత్రం అత్తగారు మామగారి చేత బకెట్లతో నీళ్లు మోయించి సిమెంటు రోడ్డు మీద పోయించారు. "తడిలో చూడాలి బాబూ." ఆ తడి చూడగానే అల్లుడు కార్లోకి దిగడానికి ఎత్తిన కాలు మళ్లీ కింద పెట్టేశాడు. ఆవిడ అతని మొహం ఒకసారి చూసి, "పరవాలేదు, పొడిలోనే చూద్దాం" అని, రోడ్డు ఆరేదాకా మామగారి గొడుగు మరలు బిగించుకుంటూ కూర్చున్నారు.

మబ్బు పట్టిన ఒక ఆదివారం, అల్లుడు స్టీరింగు ముందు కూర్చుని ఉండగా ఫోను మోగింది. పాలాయన. పాత రోజుల్లో అతను వెళ్లి వైద్యం చేసిన మనిషి. ఊరికి బాగా దూరంగా, బస్సు పోని చోట, గేదెలు పెట్టుకుని ఉంటాడు.

"డాక్టరుగారూ, గేదె తెల్లారినప్పట్నుంచీ నొప్పులు పడుతోందండీ. దూడ కాలు ఒకటే కనపడుతోంది. రెండోది లేదు."

"లోపల మడతపడి ఉంటుంది. అక్కడ డాక్టరు ఎవరూ లేరా?"

"ఉన్నాయన సెలవులో ఉన్నాడు. ఇంకెవరూ ఫోనెత్తడం లేదు. మీరు రారని తెలుసండీ. అందుకే మీకు ఆఖర్న చేశాను."

ఆ మాట అల్లుడికి ఎక్కడో గుచ్చుకుంది. "రాకూడదని కాదయ్యా. ఆదివారం, నా దగ్గర కారు లేదు" అన్నాడు.

వెనక చక్రం దగ్గర్నుంచి అత్తగారు తలెత్తారు. "బాబూ, మరి మీరు కూర్చున్నది దేంట్లో?"

అల్లుడు తను కూర్చున్నదాన్ని చూసుకున్నాడు. చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి.

"అయితే మీరు నడపండి అత్తయ్యగారూ. నేను పక్కన కూర్చుని దారి చెబుతాను."

"నేను నడిపితే వెనక చక్రాలెవరు చూస్తారు? అంత దూరం అసలు రోడ్డు మీద చూసే అవకాశం మళ్లీ వస్తుందా?" ఆవిడ అప్పటికే ఒక కాలెత్తి పక్కసీట్లోకి దిగారు. సీటు మీద మోకాళ్లు మడిచి, వెనక్కి తిరిగి, అంచు మీదనుంచి చక్రంకేసి వంగారు. "పోనివ్వండి. ఆ గేదె ఎంతసేపని ఓర్చుకుంటుంది?"

అల్లుడికి ఫ్యాక్టరీ గేటు ఎప్పుడు దాటాడో గుర్తులేదు. క్లినిక్ ముందు ఆగి బ్యాగు తెచ్చుకున్నాడు. ఊరు దాటాక చూసుకుంటే చేతులు తడిగానే ఉన్నాయి, కానీ పనిచేస్తున్నాయి. ఒకవైపు గేదె గురించి ఆలోచించాలి, ఇంకోవైపు అత్తగారు రోడ్డు మీదకి జారిపోకుండా చూసుకోవాలి. ఎదురొచ్చే లారీల వాళ్లు ఆవిణ్ణి చూసి హారన్లు కొట్టారు. ఆవిడ చెయ్యూపారు.

సగం దారిలో వాన పట్టుకుంది. టాపు లేని కారు. కళ్లద్దాల మీద చుక్కలు. అతని కాలు తనంతట తనే మెత్తబడింది, కారు నెమ్మదించింది. అత్తగారు వెనక చక్రం మీదనుంచి చూపు తిప్పలేదు. అంతలో మలుపు తిరిగేసరికి రోడ్డుకి అడ్డంగా మేకల మంద.

తొక్కాడు.

తొక్కిన క్షణంలో అతని ఒళ్లంతా తోక తిరగడం కోసం కాచుకుంది. తోక తిరగలేదు. ముక్కు కాస్త కిందకి వంగింది, టైర్లు తడి రోడ్డుని కరచిపట్టుకున్నాయి, కారు బద్ద పెట్టి గీత గీసినట్టు తిన్నగా వెళ్లి ఆగింది. మందలోంచి ఒక మేక దగ్గరకొచ్చి బానెట్ మీద ఏముందో వాసన చూసి, అతని కళ్లలోకి చూసింది.

"ముందువే ముందు పట్టుకున్నాయి" అన్నారు అత్తగారు వెనక్కి తిరిగే. "చూశారా?"

"నేను రోడ్డు చూస్తున్నానండీ."

"అదే చూస్తూ ఉండండి. ఇవి నేను చూసుకుంటాను."

అతనికి ఎందుకో నవ్వొచ్చింది. మేకలు దాటాక, మళ్లీ గేరు వేసి, ఈసారి కాలు మెత్తబడకుండానే వెళ్లాడు.

పాలాయన వాకిట్లో నిలబడి ఉన్నాడు. మోకాలెత్తున ఉన్న పచ్చకారూ, అందులో వెనక్కి తిరిగి కూర్చున్న పెద్దావిడా, ఆవిడ చెంపల మీద సున్నం మరకలూ చూసి ఏమనాలో తెలియక దణ్ణం పెట్టాడు. అల్లుడు చొక్కా చేతులు మడిచి సరాసరి కొట్టంలోకి వెళ్లాడు. గేదె అలసిపోయి పడుకుని ఉంది. చెయ్యి భుజం దాకా లోపలికి పెట్టి, కళ్లు మూసుకుని వెతికాడు. మడతపడిన కాలు దొరికింది. నెమ్మదిగా గిట్టని అరచేత్తో కప్పి, ముందుకి లాక్కొచ్చాడు. రెండు కాళ్లకీ తాడు కట్టి ఒక కొస పాలాయనకీ ఒక కొస అత్తగారికీ ఇచ్చాడు.

"లాగమంటారా?" అన్నారు ఆవిడ.

"ఆగండి. దూడ కాస్త పక్కకి వాలి ఉంది. తిప్పాలి."

"ఎంత?"

అల్లుడు లోపల చేత్తో చూసుకుని, అలవాట్లో ఉన్న మాటే అన్నాడు. "పావు."

ఆవిడ తాడు పట్టుకునే తలెత్తి అల్లుణ్ణి చూశారు. అత్తగారి మొహంలో అప్పుడు కనిపించిన ఆనందం, కారు మొదటిసారి స్టార్టయిన రోజున కూడా ఎవరూ చూడలేదు. "తిప్పండి బాబూ" అన్నారు మెత్తగా.

తిప్పాడు. లాగారు. దూడ జారి గడ్డి మీద పడింది. అతను దాని ముక్కు తుడిచి, గడ్డిపరకతో గిలిగింత పెట్టాడు. అది తుమ్మింది. పాలాయన గోడకి ఆనుకుని కూర్చుండిపోయాడు. గేదె మెడ చాపి దూడని నాకడం మొదలుపెట్టింది. వెళ్లేటప్పుడు పాలాయన, "మళ్లీ అవసరమైతే పిలవొచ్చా అండీ?" అన్నాడు.

"ముందే పిలువు. ఆఖర్న కాదు" అన్నాడు అల్లుడు.

తిరుగుదారిలో వాన వెలిసింది. అత్తగారు అలసిపోయి ముందుకి తిరిగే కూర్చున్నారు. అల్లుడు గేదెల గురించి ఆపకుండా మాట్లాడాడు. ఏళ్ల తర్వాత అతని నోట అన్ని గేదెలు వచ్చాయి. ఊరు దగ్గరపడుతుండగా ఆవిడ, "ఏదో మర్చిపోయినట్టుంది బాబూ" అన్నారు.

"బ్యాగుంది. తాడుంది."

"స్పానరూ ఉంది." ఆవిడ కాసేపు ఆలోచించారు. "మీ మామగారు."

రెండే సీట్లు. అత్తగారిని ఇంటి దగ్గర దింపి అల్లుడు ఫ్యాక్టరీకి పరిగెత్తించాడు. మామగారు స్టూలు మీదే ఉన్నారు. కాకపోతే స్టూలు ఫ్యాక్టరీ చూరు కిందకి జరిగింది. ఎర్రగుడ్డ తలకి చుట్టుకున్నారు. తడిసిన పేపరు నేలమీద పరిచి నాలుగు మూలలా నాలుగు పెంకులు పెట్టి ఆరబెట్టుకున్నారు.

"క్షమించండి మామయ్యగారూ, హడావిడిలో..."

"గేదె?"

"బాగుందండీ. పెయ్యదూడ."

"మంచిది." ఆయన పేపరు మడుచుకుని, స్టూలు ఒళ్లో పెట్టుకుని, కార్లో కూర్చున్నారు.

కొంచెం దూరం వెళ్లాక అల్లుడు అన్నాడు. "ఇవాళ వానలో బ్రేకు కొట్టానండీ. కారు ఇంత కూడా పక్కకి పోలేదు. ఇంక తిప్పొద్దని మీరైనా అత్తయ్యగారితో చెప్పండి."

"తిప్పడం లేదుగా."

"అంటే?"

"అది మొదటి ఆదివారమే కుదిరింది. మర్నాడు మీ అత్తగారు ఆ మర ఇంక కదలకుండా లాకునట్టు బిగించేసింది. నేనే లైటు పట్టుకున్నాను."

కారు వేగం దానంతటదే తగ్గింది. "మరి ఇన్ని వారాలుగా నా కాళ్ల దగ్గర దూరి ఏం తిప్పుతున్నారండీ ఆవిడ?"

"స్పానరు."

"దేనికి పెట్టి?"

"గాల్లో."

అల్లుడు కారు పక్కకి తీసి ఆపాడు. మామగారు కాసేపు స్టూలు కాళ్లకేసి చూశారు. తర్వాత, అల్లుడు ఆయన నోట ఎన్నడూ విననంత పొడుగ్గా మాట్లాడారు.

"మా అమ్మాయి కారు ఒకసారి మీ అత్తగారు కడిగింది. కాళ్లకింది రగ్గులు తీసి దులిపింది. డ్రైవరు వైపు రగ్గు బాగానే ఉంది. పక్కసీటు రగ్గుకి కుడికాలి దగ్గర చిల్లు పడి ఉంది. బ్రేకు లేనిచోట ఇంత గట్టిగా తొక్కే మనిషిని బ్రేకున్నచోట కూర్చోబెట్టాలి అంది."

అల్లుడు తన కుడిపాదం వంక చూసుకున్నాడు. "నన్నే అడగొచ్చుగా అండీ?"

"అడిగితే ఏం చెప్పేవారు?"

అల్లుడు నిజాయితీగా ఆలోచించాడు. "పార్కింగ్ దొరకదని."

"ఊఁ" అన్నారు మామగారు. కూతురి 'ఊఁ' ఎక్కణ్ణుంచి వచ్చిందో అల్లుడికి అప్పుడర్థమైంది.

"నాకూ చేసింది" అన్నారు ఆయన మళ్లీ. "ఉద్యోగంలో కొత్త. క్లాసులో నిలబడితే నోరు పెగిలేది కాదు. మానేద్దామనుకుంటున్నాను, ఎవరికీ చెప్పలేదు. ఓ రోజు రేడియో స్టేషన్నుంచి మైకొకటి పట్టుకొచ్చింది. గరగరమంటోంది, బాగుచెయ్యాలి, మీరు ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండండి అంది. ఏం మాట్లాడనంటే మీ పాఠమే చెప్పండి అంది. ముందు వంటింట్లో చెప్పాను. ఇంకో పావు తిప్పాలి, వరండాలో చూద్దాం అంది. తర్వాత వీధి అరుగు మీద, నలుగురూ కూర్చుంటే. ఆ ఏడాదంతా ఆ మైకు బాగుపడలేదు. మరుసటి ఏడు నా పాఠం వెనక బెంచీ దాకా వినపడేది, మైకు లేకుండా."

అల్లుడు ఆశ్చర్యంగా చూశాడు. "మరి ఇప్పుడెందుకండీ మీరెప్పుడూ మాట్లాడరు?"

"భయం పోయింది బాబూ. మాట్లాడాలని లేదు, అంతే."

కారు మళ్లీ కదిలింది. ఇంటిదాకా ఇద్దరూ హాయిగా ఏమీ మాట్లాడుకోలేదు. వీధి మలుపులో మాత్రం మామగారు, "మీకు తెలిసిపోయిందని ఆవిడతో అనకండి" అన్నారు.

"ఎందుకండీ?"

"ఆదివారం తోచదు. కుర్చీలన్నీ మళ్లీ తిరగేస్తుంది."

ఇంటి ముందు కాస్త ఏటవాలు. అల్లుడు కారు ఆపి, హ్యాండుబ్రేకు లాగి, గేటు తియ్యడానికి దిగాడు. అత్తగారు బట్టలు మార్చుకుని గుమ్మంలో నిలబడి ఉన్నారు. కారుని పైనుంచి కిందకి ఒకసారి చూశారు.

"బాబూ, ఆ హ్యాండుబ్రేకు ఎందుకో నాకు అనుమానంగా ఉంది."

అల్లుడికి నవ్వు ఆగలేదు. గేటు పట్టుకుని, వినయంగా, "అలాగేనండీ, అత్తయ్యగారూ. ఎన్ని ఆదివారాలు పడుతుందంటారు?" అన్నాడు. ఈ రహస్యం తెలిసిన ఇంకో మనిషితో కళ్లు కలుపుదామని కారువైపు తిరిగాడు.

ఆ మనిషి మెల్లగా వెనక్కి వెళ్లిపోతున్నాడు. కారుతో సహా, ఒళ్లో స్టూలుతో సహా, ఏ తొందరా లేకుండా వీధిలోకి జారుతున్నాడు.

"బాబూ" అన్నారు మామగారు అక్కణ్ణుంచే, గొంతు పెంచకుండా. "ఈసారి అనుమానం నిజమే."

అల్లుడు పరిగెత్తి, అంచు మీదుగా ఒక్క అంగలో లోపలికి దూకి, పెడలు తొక్కాడు. కారు టక్కున ఆగింది. మామగారు ఒళ్లో స్టూలు సర్దుకుని, తడి పేపరు విప్పి, వానకి ఆగిపోయిన చోటినుంచి చదువుకోవడం మొదలుపెట్టారు.